ఏరుమద్ది మలుపు

ఇంకా రాలేదు. గేటు ముందు మట్టిరోడ్డు మీద రాత్రి కురిసిన వాన ఎక్కడికక్కడ మడుగులై నిలిచింది, ఆ మడుగుల్లో ఆకాశం ముక్కలై పడి ఉంది, రోడ్డు చివర ఏ బండి చప్పుడైనా చాలు, నాగమణి మెడ దానంతటదే అటు తిరుగుతోంది. పాలక్యాన్ల బండి పోయింది. పొలం దమ్ము చేసే ట్రాక్టరు ఇనుప చక్రాలు గలగలలాడించుకుంటూ పోయింది. సూర్యాపేట నుంచి పూలదండల మనిషి వచ్చి, దండలు గేటు కొక్కేనికి తగిలించి, నీళ్ళు చల్లుతుండండి మేడం, వాడిపోతాయి అని చెప్పి పోయాడు. అమ్మ రాలేదు. ఇంకాస్త పొద్దెక్కితే పెద్దలు వస్తారు, రిబ్బను కడతారు, పళ్ళెంలో కత్తెర పెట్టి అందిస్తారు, ఆ తరవాత ఈ పార్కు ఊరందరిదీ అవుతుంది, కావాలి కూడా. కానీ అంతకంటే ముందు, రిబ్బను కట్టకముందు, అమ్మ ఈ గేటులోంచి లోపలికి నడవాలి. చేతిలో ఏమీ లేకుండా, నెత్తిన ఏమీ లేకుండా, చూడటానికి వచ్చిన మనిషిలా నడవాలి. మూసీ ఒడ్డున ఈ కాలిబాట మీద మొదటి అడుగు రూతమ్మది కావాలి. నాగమణికి ఈ పూట కావలసింది అదొక్కటే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, కాపలా మనిషి మల్సూర్‌తో తప్ప. ఆయన విని, తలపాగా సర్దుకుని, "మంచిగనే ఉన్నది మేడం, గని గా ముచ్చట సార్‌కు జెప్పకుండ్రి, మల్ల రిబ్బను ఎవలి కోసం కొన్నరు అంటడు" అన్నాడు.

బాట. ఆ మాట మనసులో మెదలగానే నాగమణి వెనక్కి తిరిగి చూసుకుంది, పొద్దుటి నుంచి ఎన్నోసారో. గేటు దగ్గర మొదలై, కానుగ చెట్ల కింది నుంచి, జమ్ము పెరిగిన పల్లం పక్క నుంచి ఏటి వైపు మెత్తగా దిగిపోతుంది ఎర్రమట్టి బాట. ప్లాను కాగితం మీద ఇలా లేదు. కాగితం మీద స్కేలు పెట్టి కొట్టిన గీత, ఆ గీతకు సరిగ్గా అడ్డంగా ఏరుమద్ది చెట్టు. కాగితానికి చెట్టు కనబడదు కదా. తెల్లగా నున్నగా ఏనుగు కాలు లాంటి బోదె, వేళ్ళు సగం నేలలో, సగం ఏట్లో. వరద వచ్చిన ప్రతి ఏడూ ఎక్కడెక్కడి చెత్తో వచ్చి దాని నడుముకు చుట్టుకుంటుంది, వరద పోతుంది, చెత్త ఎండి రాలిపోతుంది, చెట్టు ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అటవీశాఖ బీట్ ఆఫీసర్ అనే మాట తన పేరు పక్కన ఇంకా కొత్త చెప్పులా కరుస్తున్న రోజుల్లో, ఈ చెట్టు కిందనే కూర్చుని సద్ది తిన్నది తను. బాట చెట్టును తప్పించి పోవాలని రేంజి ఆఫీసరు దేవేందర్ సార్ ముందు నిలబడితే ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "గీసి పంపినోళ్ళు పంపిండ్రు నాగమణీ, మార్చాలంటే కారణం రాసి పైకి పంపాలె, రాస్తవా?" అన్నాడు. రాస్త సార్. "వంకర తొవ్వ అని నవ్వుతరు." ఏరే వంకరగ పోతది గద సార్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఉలిక్కిపడింది, హాస్టల్లో వార్డెను ముందు తల ఎత్తని పిల్ల. సార్ నవ్వలేదు. "గదే రాయి" అన్నాడు. రాసింది. పైవాళ్ళు ఒప్పుకున్నారు. బాట చెట్టు దగ్గరికి వచ్చి, చెట్టుకు దారి ఇచ్చి, పక్కకు మళ్ళి పోయింది. ఆ మలుపు తనది. ఇంత పెద్ద జిల్లాలో, ఇన్ని రోడ్లలో, ఒక మలుపు తనది.

మలుపు గుర్తు పెట్టేటప్పుడు మల్సూర్ అటు కొస, తను ఇటు కొస తాడు పట్టుకున్నారు, తాడు వెంట సున్నం పోసుకుంటూ పోవాలి. తాడు బిగించి పట్టగానే చేతులకు ఏదో జ్ఞాపకం వచ్చింది, తనకంటే ముందు చేతులకు వచ్చింది. నేరేడుచర్ల అవతల కాలువ కింది మళ్ళు, మోకాటి లోతు బురద, ఆ చివరి గట్టు నుంచి ఈ చివరి గట్టుకు కట్టిన తాడు, తాడు వెంట వంగిన నడుములు. అమ్మ మేస్త్రిగా ఉన్న నాట్ల ముఠా. ఎవరి వరుస వాళ్ళది, దాన్నే మునుం అంటారు, ఒకసారి మునుం పట్టిందంటే గట్టు తగిలేదాకా ఆ మనిషి నడుం ఎత్తదు. అందరికంటే కుడి చివర అమ్మ, అమ్మ పక్కన వెంకటనర్సమ్మత్త, ఆ పక్కన మిగతావాళ్ళు, వానకాలం బడి ఎగ్గొట్టిన రోజున అమ్మ ఎడమ పక్కకు చిన్న సందు చేసి తనను నిలబెట్టేవాళ్ళు. ముందుకు పోవాలని చూసింది తను మొదటిరోజు, అందరూ పకపకా నవ్వారు. నాటు వేసే మనిషి ముందుకు పోదు, వెనక్కి పోతుంది. ముందుకు పోతే వేసిన నారు తన కాలికిందే పడి చస్తుంది. "ఎనకకు సూడకే" అని అమ్మ అరిచేది, "ఎనక ఏమున్నది సూసేటందుకు, ఉత్త బురద. ముంగట సూడు, నువ్వేసిందే కనవడుతది." అప్పుడది పనిమాట. నారు కట్ట అందుకో, పిడికెడు తీయి, వేలితో గుచ్చు, అడుగు వెనక్కి వెయ్యి. ఎంత దూరం వచ్చామో తెలియడానికి వెనక్కి చూడక్కర్లేదు, ఎదురుగా పచ్చగా పెరుగుతూ ఉంటుంది, మడి చివరికి వచ్చామని మడమకు గట్టు తగిలి తెలుస్తుంది. ఆ తగలడం, చల్లటి గట్టు మట్టి మడమకు తగలడం, అంతకు మించిన సుఖం చిన్నప్పుడు తనకు తెలియదు. అమ్మ అప్పుడు నడుం ఎత్తి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, మడి అంతటినీ ఒక్క చూపుతో చూసేది. ఆ చూపు. తరవాత తను ఎందరో ఆఫీసర్లను చూసింది, కారు దిగి పని చూసిపోయేవాళ్ళను, కానీ ఆ చూపు ఎవరికీ లేదు.

ఏదో బండి. కాదు, కోదాడ వైపు పోయే కాలేజీ బస్సు, ఈ దారిన ఎందుకొచ్చిందో, కిటికీలో ఒక పిల్ల నిద్రపోతూ. తను కూడా కోదాడలోనే చదివింది, హాస్టల్లో ఉండి, వృక్షశాస్త్రం ఒక పేపరుగా డిగ్రీ, చెట్లకు లాటిన్ పేర్లు ఉంటాయని అక్కడే తెలిసింది, ఏరుమద్దికి కూడా ఉంది. హాస్టల్లో చేర్చడానికి అమ్మే వచ్చింది, నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు, రాలేకపోయాడు. ఆ రోజు సూర్యాపేటలో ఏదో కాగితం పని పడి, బస్సుకు ఇంకా టైముంటే, చెరువుకట్ట మీది పార్కు కనబడింది. పోదామే అంది తను. అమ్మ గేటు దాకా వచ్చి, లోపల నడుస్తున్న వాళ్ళను, బూట్లు, తెల్ల నిక్కర్లు, గాలిపటంలాగా తేలుతూ నవ్వుతున్న ఒక కొత్త జంటను చూసి, సంచి దించి గేటు బయట అరుగు మీద కూర్చుంది. "నువ్ పోయి సూసిరా బిడ్డా. మనకేం పనుంది లోపట?" టిక్కెట్టు లేదు, ఆపే మనిషి లేడు, గేటు తీసే ఉంది. మనకేం పనుంది. ఆ మాటకు అప్పుడు జవాబు దొరకలేదు, తనూ లోపలికి పోలేదు, అమ్మ పక్కనే అరుగు మీద కూర్చుని ఇద్దరూ పల్లీలు తిన్నారు, పల్లీలు బాగానే ఉన్నాయి. పని ఉంటేనే పోవాలి, అది అమ్మ చట్టం. డిగ్రీ అయిపోయిన రోజు కాలేజీలో సభ పెడితే తల్లిదండ్రులంతా కుర్చీల్లో కూర్చున్నారు, అమ్మ కుర్చీ ఖాళీ, వెతుక్కుంటూ పోతే వంటశాల వెనక వంటవాళ్ళతో కలిసి ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంది, కళ్ళ నిండా నీళ్ళు, ఉల్లిగడ్డలవో ఏవో. "ఉత్తగ కూసుంటే గడవట్లే బిడ్డా, నీ పేరు పిలిస్తే గిక్కడికి ఇనవడ్డది, నాగమణి అన్నరు, బగ్గ సప్పట్లు కొట్టిండ్రు." ఆ పళ్ళెం, ఆ కత్తిపీట, ఆ నవ్వు. ఉద్యోగం వచ్చి సూర్యాపేటలో కిరాయి ఇంట్లో పాలు పొంగిస్తే అమ్మ వచ్చి ఇంటిగలామె వాకిలి కూడా ఊడ్చింది. ఆదివారం చర్చికి అందరికంటే ముందు పోతుంది, ప్రార్థనకు అనుకుంటారు, చాపలు పరచడానికి.

అమ్మకు మోకాలు నొప్పి వచ్చింది కాబట్టి సరిపోయింది, అనుకుని నాగమణి నాలిక కరుచుకుంది. నొప్పి వస్తే సరిపోవడమేమిటి. కానీ నిజం. దవాఖానలో డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, రోజూ నడవాలమ్మా అంది. "పొద్దంత నడుస్తనే ఉంట గద మేడం." అది కాదమ్మా, పనిలో నడక కాదు, ఊరికే నడవాలి, మెత్తటి నేల మీద, మెల్లగా. అమ్మ డాక్టరమ్మ ముఖంలోకి చూసి ఆమె పరాచికాలాడటం లేదని నిర్ధారణ చేసుకుంది. బస్సులో మాత్రం ఊరు వచ్చేదాకా నవ్వింది, పక్క సీటావిడకు చెప్పింది, కండక్టరుకు చెప్పింది, ఊరికే నడవాలెనట, సూడు నాయినా, గా మాట చెప్పేటందుకు అంత చదువు చదివింది. అప్పుడే, ఆ బస్సులో, గరిడేపల్లి దాటుతుండగా, ఈ బాట మీద అమ్మను నడిపించాలని నాగమణికి మనసులో పడింది. అప్పటికి బాట సగమే అయింది, మలుపు దాకా. మెత్తటి నేల. రాయి ఏరించింది, మొరం మీద మెత్తటి ఎర్రమన్ను పోయించింది, వానకు కొట్టుకుపోతే మళ్ళీ పోయించింది, ఎవరి మోకాళ్ళ కోసం అని ఎవరూ అడగలేదు. అందరి మోకాళ్ళ కోసమే. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక రూతమ్మ ఉంటుంది.

ఫోను చేసి, ఊరికే రా అమ్మా, చూసిపోదువు అంది. "ఉత్తగ ఎందుకస్తనే? నాట్ల మీదున్నం." వారం పోయాక మళ్ళీ. "ఏం జెయ్యాలె గాడికొచ్చి?" ఏం జెయ్యొద్దు, నడువు, చెట్లు సూడు. "చెట్లు సూసేటందుకు సూర్యాపేట రావాల్నా, గీడ లెవ్వా?" నాన్న ఫోను లాక్కుని, పోరాదే, బిడ్డ ఖాకీ ఏసుకుని పిలుస్తుంటే అన్నాడు, అమ్మ ఫోను తిరిగి లాక్కుంది. మొన్న సాయంత్రం ఇక ఓపిక చాలక, ఆ మాట ఎలా వచ్చిందో గానీ వచ్చేసింది: పనుందమ్మా. నీతోని పనుంది, పొద్దుగాల్నే రా. అవతల అమ్మ గొంతే మారిపోయింది, నిటారుగా, కళ్ళెం దొరికిన గుర్రంలా. "గట్ల జెప్పు మరి. ఇన్నొద్దుల సంది నాన్సుడెందుకు? పనుంటే రానా? కలుపా, నాటా?" అదీ ఇదీ ఉంది, నువ్వు రా, నేను కొన్న నేరేడు రంగు చీర కట్టుకోని రా. "పనికాడికి కొత్త చీరెందుకే?" కట్టుకోమ్మా. సరే అంది. అబద్ధమే. చిన్న అబద్ధం. వచ్చాక చెప్పొచ్చు, కోప్పడుతుంది, వెనక్కి పోదు కదా, వచ్చిన మనిషి. నాగమణి అప్పటి నుంచి ఆ చీరనే చూస్తోంది కళ్ళ ముందు. ఎర్రమట్టి బాట మీద నేరేడు రంగు చీర, పక్కన నీళ్ళు, నీళ్ళ మీద ఎగిరే లకుముకి పిట్ట నీలం. మనకేం పనుంది అన్న మాటకు ఇన్నేళ్ళకు దొరికిన జవాబు అది, మాటల్లో కాదు, రంగుల్లో.

బండి చప్పుడు. షేర్ ఆటో కాదు, బరువు మీద ఉన్న ట్రాలీ ఆటో, మడుగుల్లో పడి లేస్తూ వస్తోంది, వెనక ట్రాలీ నిండా మనుషులు నిలబడి ఉన్నారు, తలలకు తువ్వాళ్ళు. ఎవరి పొలానికో పోతున్న కూలీలు, దారి తప్పి ఉంటారు, అనుకుంది నాగమణి. ట్రాలీ వచ్చి గేటు ముందే ఆగింది. ముందు ఒక కొడవలి పిడి కనబడింది, తరవాత సద్దిగిన్నెల మూటలు, తరవాత వెంకటనర్సమ్మత్త నవ్వు, ఆ నవ్వు వెనక నుంచి, ఒక చేత్తో ట్రాలీ ఊచ పట్టుకుని, నొప్పి కాలు ముందు దించుతూ అమ్మ. చీర కట్టుకుంది, మాట తప్పలేదు. నేరేడు రంగు చీర, మోకాళ్ళ దాకా ఎగదోపి, దాని మీద నాన్న పాత చొక్కా, మిల్లు దుమ్ము ఎన్ని ఉతుకులకూ పోని చొక్కా, గొంతు దాకా గుండీలు పెట్టుకుని. చెంగున నేల మీదికి దూకుతున్నారు ఒక్కొక్కరే, ముఠా ముఠా అంతా. అప్పుడు నాగమణికి తను చేసిన తప్పు తెలిసింది. ముఠా మేస్త్రిని పనికి పిలవడం అంటే ముఠాను పిలవడమే. నీతో పనుంది రా అంటే ఏ మేస్త్రీ ఒంటిగా రాదు, వస్తే అది మిగతావాళ్ళ కడుపు కొట్టినట్టు. ఇది తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, పలక పట్టకముందు నుంచీ తెలుసు, హాస్టలూ ఆఫీసూ కలిసి ఎక్కడ మరిపించాయో. నాట్లు జోరు మీదున్న రోజు. ఎవరి మడి వదిలేసి వచ్చారో.

"ఏంది బిడ్డా గట్ల సూస్తవ్?" అమ్మ దగ్గరికి వచ్చింది, ముందు కూతురి టోపీ చూసింది, తరవాత బూట్లు చూసింది, తరవాత కూతురి భుజం మీదుగా లోపలికి చూసింది, పని చూసే చూపు అది. "పెద్ద పనే ఉన్నట్టుంది. శ్యాంసుందర్ పటేల్ మడి రేపటికి జరిపినం, నారు ఏడికి పోతది, రేపేస్తం. చెప్పు, ఏడికెల్లి మొదలువెట్టాలె?"

"అమ్మా."

"చెప్పవేందే. ఎండ ముదురుతది."

"పని లేదమ్మా."

ట్రాలీ డ్రైవరు ఇంజను ఆపాడు. మూసీ నీళ్ళు రాళ్ళ మీద నుంచి జారే చప్పుడు గేటు దాకా వినబడింది. నాగమణి చెప్పేసింది, ఒక్క గుక్కలో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు: ఈ బాట నేను వేసిన, పెద్దలు రాకముందే నువ్వు నడవాలని పిలిచిన, ఊరికే అంటే రావని పనుందన్న, ఇదే పని, నడవడమే. వెంకటనర్సమ్మత్త నోటి మీద కొంగు పెట్టుకుంది, కొంగు ఆగలేదు, నవ్వు బయటపడింది. "ఓ రూతమ్మా, నీ బిడ్డ మనల్ని నడిపిచ్చేటందుకు పిలిచిందట! కాళ్ళు నొస్తే కూలి ఎవలిస్తరు?" "కూలి లేదు అత్తా, బువ్వ పెడత, అందరికి, మా ఇంట్ల" అంది నాగమణి. "ఉత్త పప్పు బువ్వ అయితే నేను రాను, ముందే చెప్తున్న. నాట్ల ఆఖరునాడు పెట్టే దావత్ లెక్క ఉండాలె." ఉంటది అత్తా. "మరింకేంది, నడువుండ్రే. సర్కారోళ్ళకేనా సెలవులు, మనకు లెవ్వా?" అందరూ కదిలారు. మల్సూర్ చేతులు చాచి, "కొడవండ్లు గీడ పెట్టుండ్రి తల్లీ, చెట్లు కోస్తరని నాకు భయమైతది" అన్నాడు. "నిన్ను గూడ కోస్తం, జర పక్కకు జరుగు." కొడవళ్ళు గోడకు ఆనించారు, సద్ది మూటలు పూలదండల పక్కన కొక్కేనికి వేలాడదీశారు, లోపలికి పోయారు. మొదటి అడుగు ముఠాది అయింది, కానీలే అనుకుంది నాగమణి, రిబ్బను కంటే ముందే కదా.

అమ్మ మాత్రం కదల్లేదు. గేటు దగ్గరే నిలబడింది. అదే నిలబడటం, సూర్యాపేట చెరువుకట్ట దగ్గరి నిలబడటం, సంచి లేదంతే. కూర్చుంటుందా, అరుగు కోసం చూస్తుందా. ఇక్కడ అరుగు లేదు, నేను కట్టించలేదు, అనుకుంది నాగమణి. వెనక ఎక్కడో రోడ్డు మీద కార్ల హారన్లు, దూరంగా, వాళ్ళేనేమో, టైము అయిపోతోంది, అయినా ఒక్క మాటా అనకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు, లాగితే అది తన నడక అవుతుంది, అమ్మది కాదు. అమ్మ చేతులు కదిలాయి. గొంతు దగ్గరి గుండీ తీసింది. కింది గుండీ తీసింది. మెల్లగా, ఒక్కొక్కటే, మిల్లు చొక్కా గుండీలన్నీ తీసి, చొక్కా విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టి మల్సూర్ చేతికిచ్చింది. ఎగదోపిన కుచ్చిళ్ళు కిందికి దించింది. అప్పుడు కనబడింది చీర, నిండుగా, పండిన నేరేడుకాయ రంగు. "ఇగ నడువు" అంది, కూతురి వైపు చూడకుండా, గేటు దాటింది.

నడక రాలేదు ఆమెకు. చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు, కాసేపు వెనక కట్టుకుంది, కాసేపు కొంగు పట్టుకుంది, దారి పక్క గరిక కనబడగానే వంగబోయి, మళ్ళీ తనకు తనే చివాట్లు పెట్టుకుని నిటారైంది. "చేతులూపుకుంట నడుసుడు నాకు రాదే, దొంగ లెక్క అనిపిస్తది." ముందర వాళ్ళంతా కానుగ నీడలో గలగలా పోతున్నారు, ఇది మా కాలువ గట్టు తీరుగుంది అని ఒకరు, కాలువ గట్టు మీద బల్లలు ఎవలేస్తరే అని ఒకరు, చెక్కబల్ల మీద కూర్చుని లేచి మళ్ళీ కూర్చుని, కూర్చోవడానికే వేశారని నమ్మకం కుదుర్చుకుంటున్నారు. జమ్ములోంచి తెల్లకొంగలు లేచాయి, లేచి కొంచెం అవతల వాలాయి, రోజూ చేసే పనే. వాన నీరు తాగి మన్ను మెత్తగా దిగుతోంది పాదం కింద, అమ్మ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది, అరికాలితో తొక్కి చూసింది, ఇంకోసారి తొక్కి చూసింది. "మన్ను మంచిగున్నది." అంతే అంది. నాగమణికి ఆ మాట చాలు, కాగితాల మీద పెద్దవాళ్ళు రాసే మెచ్చుకోలు మాటలు ఎన్నయినా కానీ, మన్ను సంగతి అమ్మ ఊరికే అనదు. ఏరుమద్ది దగ్గరికి వచ్చేసరికి అమ్మ నొప్పి కాలు ఈడుస్తోంది. చెట్టు బోదెకు చెయ్యి ఆనించి ఆగింది. కింద మూసీ, వాననీళ్ళతో ఎర్రగా, తొందర లేకుండా పోతోంది, వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలవాలి, ఇంకా చాలా దూరం ఉంది, తొందర లేదు.

"ఈ తొవ్వ సక్కగ పోయేది గద, గీడ ఎందుకు తిప్పిండ్రు?"

"నేనే తిప్పిచ్చిన అమ్మా. చెట్టు పోతదని."

"నువ్వు జెప్తె ఇన్నరా?"

"ఇన్నరు."

అమ్మ చెట్టును చూసింది, కింది నుంచి పైదాకా, మళ్ళీ పై నుంచి కిందికి. నువ్వు జెప్తె ఇన్నరా అనేది ప్రశ్న కాదని అప్పుడు తెలిసింది నాగమణికి, అది అమ్మ తనలో తను రుచి చూసుకుంటున్న మాట. జీవితమంతా ఒకరు చెప్తే విని వంగిన నడుం అది. అమ్మ చెట్టు మీద నుంచి చెయ్యి తీసి, ఒక్కసారి చుట్టూ తిరిగింది. ఏటి వైపు వీపు పెట్టి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి నిలబడింది. మలుపులో నిలబడితే బాట అంతా కనబడుతుంది, గేటు దాకా, కానుగలు, జమ్ము, బల్లలు, ఎర్రగా, తడిగా, మెత్తగా. అమ్మ రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది. ఆ చూపు. ఆ చూపుతోనే అమ్మ అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. వెనక్కి, వెనక్కి, బాట మీద కళ్ళు తీయకుండా, ముందుకు నడవడానికి అంతసేపు తడబడిన మనిషి, నీళ్ళలో చేపలాగా, వెనక్కి.

"ఏందే రూతమ్మా," వెంకటనర్సమ్మత్త బల్ల మీద నుంచి అరిచింది, "నాటేస్తున్నవా? మడి అనుకున్నవా ఏంది?"

"మడే గదనే" అంది అమ్మ, ఆగకుండా. "నా బిడ్డ పట్టిన మునుం. సూడనియ్యి." రెండడుగులు పోయాక మళ్ళీ, ఆశ్చర్యంగా, "ఓ, ఎనకకు నడిస్తె మోకాలు నొస్తలేదే! డాక్టరమ్మకు గీ సంగతి ఎవలు జెప్పలే గావచ్చు." నవ్వుతూనే లేచి వచ్చారు ఒక్కొక్కరే. ఎవరూ చెప్పలేదు, ఎవరి చోటు వాళ్ళకు తెలుసు, కుడి చివర అమ్మ, పక్కన వెంకటనర్సమ్మత్త, బాట పట్టినంత మంది ఒక వరుస, మిగతావాళ్ళు వెనక వరుస, అందరి ముఖాలూ గేటు వైపే, అందరి అడుగులూ ఏటి వైపే. అమ్మ ఎడమ పక్క చిన్న సందు మిగిలింది. ఎవరూ దాన్ని నింపలేదు. నాగమణి వచ్చి ఆ సందులో నిలబడింది, ఖాకీ చొక్కా, నల్ల బూట్లు, భుజం మీద నక్షత్రం, అమ్మ భుజం పక్కన.

దూరంగా గేటు దగ్గర కార్లు ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి, తెల్ల చొక్కాలు, దేవేందర్ సార్ కళ్ళద్దాలు నుదుటి మీద. ఆయన చెయ్యి ఎత్తబోయి, లోపల బాట మీద వెనక్కి నడుస్తున్న ఆడవాళ్ళ వరుసను చూసి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశాడు. మల్సూర్ మడతపెట్టిన మిల్లు చొక్కా రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు, పళ్ళెంలా. పోవాలి, పోయి సెల్యూట్ చెయ్యాలి, పూలదండల మీద నీళ్ళు చల్లాలి, తను ఈ పూట డ్యూటీలో ఉంది. "నీ సారొచ్చినట్టుంది" అంది అమ్మ. వచ్చిండమ్మా. "ఆగమను. మునుం నడుమ ఇడిసిపెడితే మడి మొలవది." సరే అమ్మా. వెనక్కి చూడలేదు నాగమణి. వెనక ఏటి గట్టు ఉందని తెలుసు, దాన్ని తనే కొలిపించింది. ఎదురుగా ఎర్రటి బాట పొడుగవుతోంది, ఏరుమద్ది నీడలో ఒక్కసారి మెత్తగా వంగి, పొడుగవుతోంది, అడుగు తరవాత అడుగు. మడమకు గట్టు తగిలేదాకా.